ఫిర్యాదు పిల్ల మీద, నొప్పి పెద్దదానికి: మూడు కుక్కల నడక కేసు

నేపథ్యం

కుక్కపిల్ల వచ్చాక పెద్ద కుక్కల నడక చెడిపోయిందని, పిల్లకు శిక్షణ ఇవ్వాలని ఒక దంపతులు నన్ను పిలిచారు. ఇంట్లో సర్దుకుపోయిన కుక్కలు గేటు దాటగానే కలహించుకోవడం, ఆ నేరమంతా కొత్తగా వచ్చిన పిల్ల మీద పడటం నా వృత్తిలో మామూలే. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. పిల్లకు నేర్పవలసింది చాలానే ఉన్నా, చిక్కుముడి పడింది మాత్రం మరోచోట. కుక్కల పేర్లు మార్చాను.

పెద్దది రాణి, 11 ఏళ్ల ఆడ లాబ్రడార్. పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ చేయించారు. ఒళ్లు కాస్త ఎక్కువే. రెండోది టైగర్, 5 ఏళ్ల మిశ్రమ జాతి మగ కుక్క. చురుకైనది, సైకిలు కనిపిస్తే గొంతు చించుకుంటుంది. మూడోది చిన్ను, నాలుగున్నర నెలల జర్మన్ షెపర్డ్ మగపిల్ల. తొమ్మిది వారాల వయసులో ఇంటికి వచ్చింది. 16 వారాలకు టీకాల వరుస పూర్తయ్యేదాకా గడప దాటించలేదు. ఆ తర్వాత బయటికి తీసిన ప్రతిసారీ పెద్దవాటితో కలిపే తీశారు.

సాయంత్రం మూడూ ఒకేసారి బయలుదేరేవి. భర్త చేతిలో రాణి, టైగర్. రెండింటి కాలర్లకూ కలిపి తగిలించిన జంట లీష్. భార్య చేతిలో చిన్ను, లాగినకొద్దీ సాగే రీల్ లీష్ మీద. పిల్ల ఎగిరెగిరి రాణి చెవులూ మెడా పట్టుకునేది, టైగర్ ముందుకు లాగేది, రాణి మధ్యలో నలిగిపోయేది. కొన్నాళ్లకు రాణి పళ్లు చూపడం మొదలుపెట్టింది. తర్వాత ఒకసారి పిల్ల చెవి కొరికింది. పడింది చిన్న గీరే అయినా ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయింది. అప్పటినుంచి లీష్ చేతిలోకి తీసుకుంటే చాలు, రాణి లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

"పదకొండేళ్లలో ఎవరినీ పల్లెత్తు మాట అనని కుక్కండీ మా రాణి," అన్నారు ఆవిడ. రాణికి అసూయ పుట్టిందని ఆయన నమ్మకం. ఇరుగుపొరుగు చెప్పిన కారణం ఇంకొకటి: రాణి తన పెద్దరికం నిలబెట్టుకుంటోందట, యజమాని కూడా తానే నాయకుణ్ణని పిల్లకు గట్టిగా తెలియజెప్పాలట. ఈ నాయకత్వ సిద్ధాంతం ఏ ఇంటికి వెళ్లినా నాకు ఎదురవుతుంది. జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన దాని నుంచి ఇది పుట్టింది. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ వివరించారు. గుంపు నాయకుడనే అర్థంలో 'ఆల్ఫా' అన్న మాటను అంతకుముందు జనంలోకి తెచ్చినవారిలో ఆయనా ఒకరు. తోడేళ్ల విషయంలోనే నిలవని లెక్కను సాయంత్రం వాకింగ్‌కు వర్తింపజేయడం నాకు మింగుడుపడదు.

కళ్లారా చూసినది

నేను వచ్చానని ఏమీ మార్చవద్దు, రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి అని చెప్పి, వెనకనుంచి ఫోనులో వీడియో తీసుకుంటూ నడిచాను. ఇలాంటి కేసుల్లో యజమాని చెప్పేదానికన్నా వీడియోను నిదానంగా తిప్పి చూస్తే తెలిసేది ఎక్కువ.

కళ్లకంటే ముందు చెవులకు ఒకటి తెలిసింది. సిమెంటు బాట మీద రాణి నడుస్తుంటే అడుగడుగుకూ సన్నగా గీరుకుంటున్న శబ్దం. ఇంటికి వచ్చాక పాదాలు చూస్తే, కుడి వెనక కాలి నడిమి రెండు గోళ్లు పైభాగాన అరిగి చదునైపోయాయి. మిగతా మూడు కాళ్ల గోళ్లు బాగా పెరిగి ఉన్నాయి. అంటే ఆ కాలిని పూర్తిగా ఎత్తకుండా ఈడుస్తోందన్నమాట. కూర్చున్నప్పుడు కూడా ఆ కాలిని ముడవకుండా పక్కకు చాపి పెడుతోంది. పడుకుని లేచిన వెంటనే బిగుసుకుపోయినట్టు ఉంటోందా అని అడిగితే, "ముసలిదైపోయింది కదండీ," అన్నారు ఆయన. ఆ జవాబు నేను వినని ఇల్లు లేదు. వయసు రోగం కాదు, కుంటడానికి అది కారణమూ కాదు.

రాణి పళ్లు చూపిన దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేసి చూశాను. పిల్ల ఎడమవైపు నుంచి మీదపడినప్పుడు అది తల తిప్పుకుని ఊరుకుంది. కుడివైపు నుంచి తుంటికి తగిలినప్పుడే తిరగబడింది. అదీ ఉన్నపళంగా కాదు. అంతవరకూ తెరిచి ఉన్న నోరు ముందు మూసుకుంది. తర్వాత నాలుకతో ముక్కు తడుపుకుంది. చెవులు వెనక్కి వెళ్లాయి, తల పక్కకు తిరిగింది, ఒక్క క్షణం ఒళ్లంతా కొయ్యబారింది. ఇన్ని చెప్పినా వినేవాళ్లు లేకపోయాకే పళ్లు బయటికొచ్చాయి. ఆ సమయంలో భర్త చూపు టైగర్ మీద, భార్య చూపు రీల్ లీష్ బొత్తాం మీద ఉంది.

చిన్ను సంగతికి వస్తే, పెద్దవాటి మధ్య ఉన్నంతసేపూ దానికి ధైర్యానికి లోటు లేదు. టైగర్‌ను సందు మలుపు తిప్పమని, రాణిని లోపలికి పంపమని చెప్పాను. పిల్ల రెండడుగులు వేసి చతికిలబడింది. కుయ్‌కుయ్‌మంటూ గేటు వైపే చూసింది. ఇంట్లో ఎగిరి అందుకున్న ట్రీట్‌ను ఇక్కడ వాసన కూడా చూడలేదు. బయటి ప్రపంచాన్ని అది ఒంటరిగా ఎన్నడూ చూడలేదు. మూడు వారాల నుంచి సుమారు పద్నాలుగు వారాల వయసు వరకు కుక్కపిల్లలు కొత్తవాటిని తేలిగ్గా స్వీకరిస్తాయి. చిన్ను విషయంలో ఆ కాలం చాలావరకు నాలుగు గోడల మధ్యే గడిచిపోయింది. టీకాల భయం ఉత్తది కాదు; కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కానీ పిల్లను నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని వీధి చూపించవచ్చు, టీకాలు వేయించుకున్న కుక్కలున్న తెలిసినవారి ఇంటికి తీసుకెళ్లవచ్చు. మొదటి టీకా వేశాక కనీసం ఏడు రోజులు ఆగి శుభ్రమైన చోట జరిగే పిల్లల తరగతికి తీసుకెళ్లవచ్చని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ కూడా చెబుతుంది.

ఇంకొక్క విషయం. సైకిలు వచ్చినప్పుడు టైగర్ మొరిగిన అరక్షణానికి చిన్నూ మొరిగింది. వీడియో ఆపి చూస్తే దాని చూపు టైగర్ మీదే ఉంది, సైకిలు వైపు తిరగనే లేదు. సైకిళ్లంటే దానికింకా ఏ అభిప్రాయమూ లేదు, టైగర్ అభిప్రాయాన్ని అరువు తెచ్చుకుంటోంది.

ముందు పశువైద్యుడు

రాణిని పరీక్ష చేయించేవరకు ఏ శిక్షణా మొదలుపెట్టనని చెప్పాను. పశువైద్యుడు కీళ్లు వంచి చూసి, ఎక్స్-రే తీయించి, కుడి తుంటి, మోకాలి కీళ్లలో ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల, ఉందని తేల్చారు. నొప్పి తగ్గే మందు రాశారు, బరువు తగ్గించమన్నారు, గోళ్లు కత్తిరించారు. మందు ఏది, ఎంత అన్నది ఆయన పరిధి, అందులో నేను వేలు పెట్టను. ఒక్క హెచ్చరిక మాత్రం ఈ సందర్భంలో అందరికీ చేస్తాను: మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు వేయకూడదు. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ లాంటివి ప్రాణం మీదికి తెస్తాయి.

దీంతో ఫిర్యాదు రూపమే మారిపోయింది. నొప్పి ఉన్న తుంటి మీద పదిహేను కిలోల పిల్ల వచ్చిపడుతుంటే, పక్కకు తప్పుకుందామన్నా మెడను టైగర్ కాలర్‌కు కట్టేశారు. ముసలెద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టి అరక సాగడం లేదన్నట్టుంది వ్యవహారం. ఒకే వయసు, ఒకే వేగం ఉన్న రెండు కుక్కలకు జంట లీష్ పనికివస్తుందేమో గాని, కీళ్లనొప్పి ఉన్న కుక్కకు దాన్ని తగిలించడాన్ని నేను ఒప్పుకోను. రీల్ లీష్ కూడా ఆరోజే మూలపడింది. ఎప్పుడూ బిగువుగానే ఉండే తాడు మీద, లాగితే దారి పెరుగుతుందన్న పాఠం తప్ప పిల్ల ఇంకేమీ నేర్చుకోదు.

ఎవరికి ఎంత నడక

మూడు కుక్కల అవసరాలు మూడు రకాలు. రాణికి చిన్న చిన్న నడకలు రోజుకు ఎక్కువసార్లు, మెత్తటి నేల మీద, అడుగడుగునా ఆగి వాసన చూసుకునే తీరికతో కావాలి. కీళ్లనొప్పి ఉన్న కుక్కను ఆరు రోజులు ఇంట్లో ఉంచి ఏడోరోజు దూరం నడిపిస్తే మర్నాడు లేవలేదు. టైగర్‌కు వేగం, దూరం రెండూ కావాలి.

పిల్ల విషయంలో దంపతులు ఒక సూత్రం విని ఉన్నారు: నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున నడిపించాలని. ఈ లెక్క బాగా ప్రచారంలో ఉంది గాని దీని వెనక గట్టి పరిశోధన లేదు. తెలిసింది ఇంత: పెద్ద జాతుల్లో ఎముకల చివరనుండే గ్రోత్ ప్లేట్లు, అంటే ఎముక పొడవు పెరిగే మెత్తటి భాగాలు, పూర్తిగా గట్టిపడటానికి ఏడాది దాటుతుంది, కొన్నింటికి ఏడాదిన్నర కూడా పడుతుంది. నాలుగు పెద్ద జాతుల పిల్లల మీద నార్వేలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలల వయసులోపు రోజూ మెట్లు ఎక్కిదిగిన పిల్లల్లో తుంటి కీలు లోపం ముప్పు ఎక్కువగా, ఎగుడుదిగుడు నేల మీద విడిచిపెడితే స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. కాబట్టి నాకు నిమిషాలకన్నా ఎలా నడుస్తున్నదన్నదే ముఖ్యం. గట్టి బాట మీద పెద్ద కుక్క వేగానికి లీష్‌తో ఈడ్చుకుపోవడం వేరు, గడ్డిలో తన ఇష్టానికి పరుగెత్తి, ఆగి, దొర్లి, పడుకోవడం వేరు. చిన్నుకు లీష్ నడక ఇరవై నిమిషాలు దాటవద్దని గీత గీశాను. అది పైహద్దు, అంతసేపూ నడిపించి తీరాలని కాదు.

అలసిన కుక్కపిల్ల నెమ్మదిస్తుందనుకుంటారు చాలామంది. నిజానికి నిద్ర ముంచుకొస్తున్న పసిబిడ్డలాగే రెచ్చిపోతుంది. లీష్ కొరకడం, ప్యాంటు అంచు పట్టుకోవడం, పక్క కుక్క మీద ఎగరడం ఎక్కువవుతాయి. దాన్ని చూసి "ఇంకా ఓపిక మిగిలి ఉంది" అని మరో వీధి తిప్పుతారు. ఈ దంపతుల సాయంత్రం నడకలో రాణి మీద దాడులన్నీ తిరుగుదారిలోనే జరిగాయని వాళ్లను తేదీల వారీగా అడుగుతుంటే బయటపడింది. ఈ వయసు పిల్ల రోజులో పద్దెనిమిది గంటల వరకు నిద్రపోతుంది. ఇంట్లో నాలుగు పాదాలూ నాలుగు వైపులా తిరుగుతుంటే ఆ నిద్ర పట్టదు. అందుకని నడకకు ముందూ వెనకా దానికి విడిగా ఒక గది, చిన్న తడిక గేటు ఏర్పాటు చేయించాను.

విడదీయడం

మొదటి దశలో కలిసి నడవడం పూర్తిగా ఆపించాను. "మూడింటినీ విడివిడిగా అంటే మేం రోజంతా రోడ్డు మీదే ఉండాలండీ," అని ఆవిడ నిష్ఠురమాడారు. మాట న్యాయమే. అందుకే నడకలు పెంచకుండా నిమిషాలు పంచాం. రాణికి ఇంటి ముందు పది నిమిషాలు, పిల్లకు గేటు బయట పది నిమిషాలు, పొద్దుటి పెద్ద నడక టైగర్‌ది. తీరిక లేని రోజున టైగర్‌కు పెరట్లో తిండి గింజలు దాచి వెతికించేవారు. ముక్కుతో చేసే పని కాళ్లతో చేసే పనికన్నా తక్కువేమీ అలసట ఇవ్వదు. ఇంట్లో మిగిలినవాటికి నమలడానికి ఏదో ఒకటి ఇచ్చాకే తలుపు తీయాలి. లేకపోతే వెళ్లే కుక్క నడక బాగుపడే లోపు, ఉండిపోయిన కుక్కకు తలుపు దగ్గర ఏడవడం అలవాటవుతుంది.

చిన్నుకు ఛాతీ ముందు ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో పట్టీలుండే హార్నెస్, రెండు మీటర్ల మామూలు లీష్ తెప్పించాను. మొదట్లో నడకే లేదు. ఆవిడ గేటు బయటి మెట్టు మీద కూర్చునేవారు, పిల్ల పక్కన కూర్చుని వీధిని చూసేది. ట్రీట్ తీసుకుంటే సరే, తీసుకోకపోతే ఇంకాస్త వెనక్కి జరగాలి. భయాన్ని కొలవడానికి అంతకన్నా నమ్మకమైన సాధనం నా దగ్గర లేదు. ట్రీట్ తింటూ, నేల వాసన చూస్తూ, తనంతట తాను ముందుకు కదలడం మొదలయ్యాకే నడక. లీష్ వదులుగా ఉంటే అడుగు పడుతుంది, బిగిస్తే మనిషి నిలబడిపోతాడు, వెనక్కి వస్తే మోకాలి దగ్గర ట్రీట్. టైగర్ లేకుండా దూరం నుంచి సైకిలు చూపించి, అది చూసిన ప్రతిసారీ ట్రీట్ ఇప్పించాం. టైగర్ సైకిళ్ల పనిని భర్త విడిగా, ఇంకా ఎక్కువ దూరం నుంచి, అదే పద్ధతిలో చేశారు.

కలపడం

తర్వాత జతలు. కుక్కపిల్లకు ముందు ఆటగాడు టైగర్‌ను జత చేయాలని దంపతులకు అనిపించింది. నేను రాణిని ఎంచుకున్నాను. అప్పటికి మందు పనిచేసి దాని నడక సాఫీ అయింది. పైగా పిల్ల ఎవరినో ఒకరిని అనుకరించక మానదు, అలాంటప్పుడు నిదానస్తురాలినే అనుకరించనిద్దాం అన్నది నా లెక్క. ఇంకో అనుకూలత కూడా ఉంది. వేగాలు వేరైనా రాణికీ చిన్నుకూ సరిపోయే దూరం ఇంచుమించు ఒకటే. ఆ ఇంట్లో దూరం సరిపోనిది ఒక్క టైగర్‌కే.

విశాలమైన మైదానంలో, ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, మధ్య పది మీటర్ల ఎడం. ఇద్దరూ ఒకే దిశలో, రాణి నాలుగడుగులు ముందు. కుక్కలు బయటి వైపు, మనుషులు లోపలి వైపు. పిల్ల ఎప్పుడూ రాణికి ఎడమవైపే, అంటే నొప్పి లేని వైపు. ఎదురెదురుగా తెచ్చి ముక్కూ ముక్కూ కలపడం నిషేధం. లీష్ మీద ఉన్న కుక్కకు తప్పుకునే దారి ఉండదు, తప్పుకోలేని కుక్క కరుస్తుంది. రాణి నోరు వదులుగా తెరిచి, నేల వాసన చూసుకుంటూ నడుస్తుంటే, పిల్ల పిలిచిన వెంటనే రాణి మీదనుంచి చూపు తిప్పగలుగుతుంటే అప్పుడు ఒక మీటరు దగ్గరికి. లేదంటే ఉన్నచోటే.

గుర్రుమన్నా మందలించవద్దని ముందే చెప్పి ఉంచాను. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. తర్వాతి కాటు చెప్పాపెట్టకుండా వస్తుంది. ఎడం రెండు మీటర్లకు వచ్చిన రోజున పిల్ల కాస్త ముందుకు దూకింది, రాణి నోరు టక్కున మూసుకుంది. నేను నోరు తెరిచేలోపే భర్త రాణిని తీసుకుని మెల్లగా విల్లులా వంపు తిరిగి దూరం జరిగిపోయారు. "నోరు మూసిందండీ, చూశాను," అన్నారు. ఆ కేసులో నా పని సగం అయిపోయిందని అప్పుడే అనిపించింది.

మూడింటినీ కలపడానికి ఒక్కటే షరతు పెట్టాను: ఇద్దరు మనుషులు లేకపోతే మూడు కుక్కలు బయటికి రావు. అప్పటికే టైగర్ తన పొద్దుటి నడక ముగించుకుని ఉడుకు తగ్గి ఉండాలి. ఇంటి చుట్టుపక్కల కొద్ది దూరం మూడూ కలిసి, రాణి వేగంతో. రాణి ఆగితే అందరూ ఆగాలి. ఆ ముక్క అయిపోయాక రాణి, చిన్ను ఒకరితో ఇంటికి; టైగర్ రెండోవారితో ముందుకు.

ఫలితం, మిగిలినవి

నొప్పి మందు మొదలైన కొద్ది వారాల్లోనే లీష్ శబ్దానికి రాణి లేచి గుమ్మం దగ్గరికి రావడం మొదలైంది. బరువు మెల్లగా దిగుతోంది. పిల్ల మీద మళ్లీ పళ్లు చూపలేదు. ఇంట్లో ఒకటి రెండుసార్లు గుర్రుమంది, పిల్ల తప్పుకుంది, కథ అక్కడితో ముగిసింది. చిన్ను ఒంటరిగా సందు చివరిదాకా, ఆపైన మైదానందాకా వెళ్తోంది.

సైకిళ్ల విషయంలో సగం విజయమే. ఒంటరిగా ఉన్నప్పుడు సైకిలు కనిపిస్తే చిన్ను తల తిప్పి ఆవిడ వైపు చూస్తుంది. టైగర్ పక్కనుండి మొరిగితే ఇప్పటికీ గొంతు కలుపుతుంది. టైగర్‌కు రోడ్డుకు అవతలి వైపున్న సైకిలు పరవాలేదు, ఇవతలి వైపున్నది పనికిరాదు. ఐదేళ్ల అలవాటు అంత సులువుగా పోదు. ప్రస్తుతానికి కలిసి నడిచే వేళను సైకిళ్లు తక్కువగా తిరిగే వేళకు మార్చుకున్నారు.

చిన్నుకు ఎనిమిదో నెల వచ్చేసరికి లాగడం తిరిగి మొదలైందని ఫోను చేశారు. కౌమారంలో నేర్చినవి కొంత మరిచినట్టు ప్రవర్తించడం సహజం. మొదటి పాఠాలకే మళ్లీ వెళ్లమన్నాను: మెట్టు, మోకాలు, ట్రీట్. ఈ వయసులో పిల్ల చేష్టలను పెద్ద కుక్కలు ఇదివరకటిలా ఉపేక్షించవు కాబట్టి, రాణికి కుడివైపు ఖాళీగా ఉంచడం మాత్రం ఏ రోజూ మానకూడదు. రాణికి ఆరు నెలలకోసారి కీళ్ల పరీక్ష ఉంటుంది.

పొద్దుటి జాగింగ్‌కు చిన్నును ఎప్పటినుంచి తీసుకెళ్లవచ్చని భర్త అడిగారు. ఏడాదిన్నర వయసు దాటాక, గ్రోత్ ప్లేట్లు మూసుకున్నాయని పశువైద్యుడు ఎక్స్-రే చూసి చెప్పాక అన్నాను. అప్పటిదాకా ఆయనతో టైగర్ పరుగెడుతుంది.